లాప్‌టాప్ వెళ్ళింది, చార్జరు ఉండిపోయింది

సంచి సర్దుతుంటే నాకు నోరు ఎండిపోతుంది. వెళ్ళేది ఎవరైనా సరే, ఎంత దగ్గరికైనా సరే. ఆరోజు వెళ్తున్నది మనిషి కూడా కాదు, మా అమ్మాయి లాప్‌టాప్. అయినా ఎండాల్సిన నోరు ఎండింది.

మా అమ్మాయి నేల మీద చతికిలబడి దాన్ని మెత్తటి తువ్వాలులో చుట్టింది. మూత కుడివైపు కీలు విరిగి, ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉంది. అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్ళం. తీగ గుచ్చే రంధ్రం కూడా వదులైపోయి చార్జింగు ఎక్కడం మానేసింది. కొని ఏడాది తిరగలేదు కాబట్టి వారంటీ ఉంది. కొరియరు మనిషి వచ్చి తీసుకెళ్తాడు, కంపెనీవాళ్ళు బాగుచేసి పంపుతారు, అంతా ఉచితం.

అంతకుముందే కింద వీధిలో రిపేరు కొట్టు అతనికి చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "మూత మూల పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తుతావు కదూ అక్కా? చార్జరు తీసేటప్పుడు తీగ పట్టుకుని లాగుతావు కదూ?" అన్నాడట. మా అమ్మాయి దొంగలా తలూపిందట. "గంటలో చేసిచ్చేస్తా. కానీ నేను సీలు తీశానంటే కంపెనీవాడు ఇక నీ మొహం చూడడు" అన్నాడట.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే" అన్నాను నేను.

"పెడుతుందిలేమ్మా. కాస్త ఆలస్యంగా పెడుతుంది" అంటూ జిప్పు లాగింది మా అమ్మాయి. నేను కిటికీ దగ్గర నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడ్డాను.

"అదేమన్నా కాపురానికి వెళ్తోందా? అలా చూస్తావేంటి?"

"కాపురానికి వెళ్ళిన పిల్లయినా మంచీ చెడ్డా కబురు పెడుతుంది."

"ఇదీ పెడుతుంది. ఎక్కడుందో నా ఫోనుకి మెసేజీలు వస్తాయి."

"ఎవరు రాస్తారు? అదేనా?"

"ఆఁ, అదే. విరిగిన చేత్తో."

ఈలోగా కింద హారను మోగింది. మా అమ్మాయి చెప్పులు వెతుక్కోవడానికి వరండాలోకి వెళ్ళింది. ఆ కాస్త వ్యవధిలో నేను చేసే పని చేసేశాను.

నాకో అలవాటు ఉంది. ఇంట్లోంచి ఎవరు వెళ్తున్నా వాళ్ళ వస్తువు ఒకటి తీసి ఇంట్లో ఉంచేస్తాను. ఎవరూ నేర్పింది కాదు, నాకు నేను కల్పించుకున్నది. తన వస్తువు ఒకటి ఇక్కడ ఉండిపోతే దాని కోసమైనా మనిషి రావాలి కదా అని. మా అమ్మాయి బడి పిల్లలతో కలిసి సముద్రం చూడటానికి వెళ్ళినప్పుడు ఒక సాక్సు తీసేశాను. ఒంటి సాక్సుతో తిరిగొచ్చి నాతో మాట్లాడటం మానేసింది. కానీ వచ్చింది. అల్లుడు పనిమీద ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ దువ్వెనలు కొనలేక చచ్చాడు, కానీ ప్రతిసారీ వచ్చాడు. చివరికి ఇంట్లోనే, తన మంచం మీదే నిద్రలో పోయాడు. అలా వెళ్ళేవాళ్ళకి ఏం తీసి ఉంచాలో నాకు తెలియలేదు. అప్పట్నుంచీ మేమిద్దరమే, నేనూ నా కూతురూ.

సంచి పక్క జేబులో చెయ్యి పెడితే నల్లటి ఇటుకలాంటిది, దానికో పొడుగాటి తీగ తగిలాయి. తాడు మన చేతిలో ఉంటే ఆవు ఎక్కడికి పోతుందిలే అనుకుని దాన్ని తీసి నా ట్రంకుపెట్టెలో దుప్పటి కింద పెట్టాను. జిప్పు యథాప్రకారం వేశాను. సంచి వెళ్ళిపోయింది.

ఆ లాప్‌టాప్ మీద ఏం ఆధారపడి ఉందో చెప్పాలి.

మా అమ్మాయి పెద్దాసుపత్రి చాకిరేవులో పని చేస్తుంది. చాకిరేవంటే నది ఒడ్డున బండరాళ్ళు కాదు. ఆసుపత్రి వెనక పొడుగాటి షెడ్డు, అందులో గదంత యంత్రాలు, ఎప్పుడూ ఆవిరి. దుప్పట్లు, గౌన్లు, డాక్టర్ల కోట్లు ఉతికి వస్తే ఇది ఆవిరి పెట్టె కింద పెట్టి ఇస్త్రీ చేస్తుంది. అల్లుడు పోకముందు నుంచీ అదే పని. మోచేతుల దాకా కాలిన మచ్చలే. గత రెండేళ్ళుగా దగ్గు పట్టుకుంది. డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి విని, "ఆ వేడిలోంచి బయటపడమ్మా" అన్నాడు. చెప్పడం ఎంతసేపు.

అదే ఆసుపత్రిలో రికార్డుల గది ఉంది. డాక్టర్లు చెప్పింది విని టైపు చేసేవాళ్ళు అక్కడ కూర్చుంటారు. కూర్చుంటారు, అదీ అసలు మాట. ఫ్యాను కింద, కుర్చీలో. అక్కడ ఒక ఖాళీ వచ్చింది. టైపింగు పరీక్ష పెడతారు. ఆసుపత్రి పనివాళ్ళకైతే నలభై అయిదేళ్ళ దాకా రాయనిస్తారు. చలికాలం వస్తే మా అమ్మాయికి నలభై అయిదు దాటుతాయి. అంటే ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి. అందుకే లాప్‌టాప్ కొంది. ఇంటికి రాగానే మొహం కడుక్కుని దాని ముందు కూర్చునేది. మొదట్లో కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్కో అక్షరం పొడిచేది. మెల్లిగా పది వేళ్ళూ కదలడం మొదలైంది. అలా కదలడం మొదలయ్యాక మూత విరిగింది.

మెసేజీలు వచ్చాయి, నిజమే. బయలుదేరింది అని ఒకటి. దారిలో ఉంది అని ఒకటి. చేరింది అని ఒకటి. నేను ప్రతిదీ ఫోను తీసుకుని నా కళ్ళతో చదువుకునేదాన్ని. ఆ తర్వాత వరసగా ఒకటే మాట రావడం మొదలైంది: నిలిపి ఉంచబడినది.

"ఏమే, రోగం ముదిరిందంటావా?"

"ఊరుకోమ్మా."

వారం దాటింది. ఇంకో వారం మొదలైంది. చివరికి సెలవురోజు మా అమ్మాయి కంపెనీకి ఫోను చేసి, నాకూ వినపడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. సంగీతం వచ్చింది. మధ్యమధ్యలో ఒక గొంతు, మీ కాల్ మాకెంతో విలువైనది అంది.

"అంత విలువైనదైతే ఎత్తొచ్చుగా" అన్నాను.

ఎట్టకేలకు ఒక అమ్మాయి ఎత్తింది. లేత గొంతు. నంబరు అడిగి, కాసేపు ఆగి, "మేడం, మీ మెషీన్ మాకు చేరినప్పట్నుంచీ హోల్డ్‌లో ఉందండీ. అడాప్టర్ రాలేదు" అంది.

"రాకపోవడమేంటండీ? నా చేతులారా పెట్టాను. పక్క జేబులో పెట్టి జిప్పు వేశాను."

"మా దగ్గర సంచి, లాప్‌టాప్, ఒక తువ్వాలు అని ఉంది మేడం. అడాప్టర్ లేదు."

"తువ్వాలు చేరింది, అది చేరలేదా? మీ దగ్గరే ఎవరో ఎక్కడో పారేసి ఉంటారు. సరిగ్గా చూడండి!" మా అమ్మాయి గొంతు పెరిగింది, దగ్గు అడ్డం వచ్చింది.

"చార్జింగ్ కంప్లయింట్ కదా మేడం, అది లేకుండా టెస్ట్ చేయలేమండీ."

అడాప్టరంటే ఏమిటో నాకు తెలియదు. మెల్లిగా అడిగాను. "పోయిందేంటే?"

"చార్జరమ్మా! నల్లగా ఇటుకలా ఉంటుందే, తీగతో! నువ్వు కాస్త ఉండు."

నేను ఉండలేదు. లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి, దుప్పటి ఎత్తి, దాన్ని తెచ్చి బల్ల మీద ఫోను పక్కన పెట్టాను. తీగ చక్కగా చుట్ట చుట్టి ఉంది. నేనే చుట్టాను.

మా అమ్మాయి దానికేసి చూసింది. నాకేసి చూసింది. "ఒక్క నిమిషమండీ" అంది ఫోనులో. ఇటుకని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "దొరికిందండీ" అంది.

"ఎక్కడ దొరికింది మేడం?"

"మా అమ్మ దగ్గర."

"మా అమ్మమ్మ టీవీ రిమోట్ దాస్తుంది మేడం" అంది ఆ పిల్ల, ఇది ఎవరితోనూ అనకూడని మాట అన్నట్టు గొంతు తగ్గించి. "వెంటనే పంపించేయండి. హోల్డ్ తీసేస్తాను."

ఫోను పెట్టేశాక నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. చార్జరుని ఒక డబ్బాలో పెట్టి, అంటించి, మీద చిరునామా రాస్తూ, "నా ఒంటి సాక్సు సంగతి నేనింకా మర్చిపోలేదమ్మా" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఈ పరీక్ష పోతే ఇంకోటి ఉండదు. తెలుసుగా?"

తెలుసు.

చార్జరు చేరింది. లాప్‌టాప్ లోపల చూశారు. ఇప్పుడు ఇంకో మెసేజీ వచ్చింది: కీలు, లోపలి బోర్డు తెప్పించాలి, స్టాకు లేదు, వచ్చాక తెలియజేస్తాము. ఈ ఆలస్యం నా వల్ల కాదని చెప్పుకోవాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డాక, ఆ రోకలి ఎవరిదైతేనేం. మా అమ్మాయి మళ్ళీ రెండుసార్లు ఫోను చేసింది. కొత్త గొంతులు ఎత్తాయి, అంతా మొదటి నుంచీ చెప్పించుకున్నాయి, క్షమించమన్నాయి. పరీక్ష తేదీ గోడ మీద కాలెండరులో మెల్లిగా కిందికి దిగి వస్తోంది. గ్రంథాలయంలో కంప్యూటర్లున్నాయి కానీ దీని సెలవురోజున వరసలో నిలబడితే అరగంట దొరుకుతుంది, అంతే. చేతిలో లాప్‌టాప్ లేదు, కింద రిపేరు కొట్టు అతనికిద్దామన్నా అది మన దగ్గరుంటే కదా.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం చాకిరేవు నుంచి మడతల పిన్ని వచ్చింది. ఇస్త్రీ అయిన బట్టలు మడతపెట్టడం ఆమె పని, అందుకని అందరూ అలాగే పిలుస్తారు. నా కన్నా చిన్నదే, నోరు మాత్రం పెద్దది.

"నీ కూతురికి పిచ్చి పట్టింది వదినా. ఇస్త్రీ బల్ల మీద వేళ్ళతో టకటకమని వాయిస్తోంది. మేస్త్రీ వచ్చి, ఏంటమ్మా, పెళ్ళి మేళానికి పోతున్నావా అన్నాడు."

"వేళ్ళు మర్చిపోతాయని భయం పిన్నీ" అంది మా అమ్మాయి. "మీటలు ఎక్కడెక్కడున్నాయో బుర్రకి గుర్తుంది. వేళ్ళకే జారిపోతోంది."

ఆ మాట వినగానే నాకు మా ఇంటి మట్టిగోడ గుర్తొచ్చింది.

నేను బడికి వెళ్ళలేదు. మా అక్క రెండేళ్ళు వెళ్ళింది. ఆమె నేర్చుకున్నది సాయంత్రాలు నాకు నేర్పేది, పలక మీద. అక్షరాల్లో సగం అలా వచ్చాయి. తర్వాత ఆమెని దూరం ఊళ్ళో ఎవరింట్లోనో పసిపిల్లల్ని చూసుకునే పనికి కుదిర్చారు. సంచి నేనే సర్దాను. అక్కకి అక్కడ ఏ లోటూ రాకూడదని అన్నీ పెట్టేశాను: రెండు గౌన్లు, రిబ్బను, అద్దం, చివరికి ఆ పలక కూడా. లారీ ఎక్కుతూ, మిగతా సగం వచ్చాక నేర్పుతానంది. ఇంట్లో ఆమెది ఒక్క వస్తువు లేదు. పడుకునే ముందు వెతికాను, ఒక వెంట్రుక పిన్ను కూడా లేదు.

మిగతా సగం నేను గోడ మీద నేర్చుకున్నాను. సబ్బు కాగితాల మీద, కిరసనాయిలు డబ్బాల మీద, బస్సు నొసటి మీద ఉన్న అక్షరాలు చూసి గుర్తుపెట్టుకుని, వేలు నీళ్ళలో ముంచి గోడ మీద రాసేదాన్ని. అది ఆరిపోయేది. ఆరేలోగా చదవాలి. ఆరిపోతే మళ్ళీ రాయాలి. పలక ఉంటే ఇంత బాగా వచ్చేది కాదేమోనని తర్వాత అనిపించింది.

"బల్ల మీద కాదే" అన్నాను. "మీటల బొమ్మ గీసుకో. అదే కొలతలో. దాని మీద కొట్టు."

"బొమ్మ మీద కొడితే అక్షరం పడదుగా."

"అక్షరం ఎందుకు? వేలు పడితే చాలు."

మడతల పిన్ని నోరు తెరిచి, ఏదో అనబోయి, మూసి, తన సంచిలో చెయ్యి పెట్టింది. డాక్టర్ల చొక్కాలు మడతపెట్టేటప్పుడు నలగకుండా లోపల దట్టమైన తెల్ల అట్ట పెడతారు. మూల నలిగిన అట్టలు పారేస్తారు. పిన్ని వాటిని వంటింటి అరల్లో పరుచుకోవడానికి తీసుకెళ్తూ ఉంటుంది. రెండు తీసి బల్ల మీద పెట్టింది. "నా అరలు ఆగుతాయిలే. ముందు నువ్వు కానీ."

సెలవురోజున మా అమ్మాయి గ్రంథాలయానికి వెళ్ళి, తన అరగంటలో టైపు చేయకుండా, కీబోర్డు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో మీటలన్నీ రాసుకుంది. గ్రంథాలయాధికారి కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏం చేస్తున్నారండీ?" అన్నాడట. "కొలతలు తీసుకుంటున్నానండీ" అందట ఇది, రవికెకి తీసుకుంటున్నట్టు. ఇంటికొచ్చి అట్ట మీద దించింది. చూపుడువేళ్ళు ఆనే రెండు మీటల మీద అసలు కీబోర్డుకి చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయట, వేళ్ళు చూడకుండానే తమ చోటు పట్టుకోవడానికి. అక్కడ సూదీదారంతో రెండు ముళ్ళు వేసింది.

నేను ఎదురుగా కూర్చుని చదివేదాన్ని, ఇది అట్ట మీద కొట్టేది. ఆసుపత్రి మాటలు అలవాటు కావాలని మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు చదివాను. ఆ మాటలు పలకడానికి నా పళ్ళు చాలలేదు. ఉన్నవే తక్కువ.

"ఏంటమ్మా ఆ మాట? మళ్ళీ చెప్పు."

"నాకేం తెలుసు? మూరెడు పొడుగుంది. సగం ఇప్పుడు కొట్టు, సగం భోజనమయ్యాక."

అన్నీ బాగానే ఉన్నాయి కానీ తప్పులు ఎలా తెలియాలి? అక్షరం పడితే కదా తప్పో ఒప్పో. దానికి మా అమ్మాయే దారి కనిపెట్టింది. చాకిరేవులో మరకలున్న చోట గుర్తు పెట్టడానికి నీలం సుద్ద వాడతారు. ఒక ముక్క తెచ్చి, పొడి చేసి, పది వేళ్ళ చివర్లకీ అద్దుకుని కొట్టేది. అయ్యాక ఇద్దరం అట్ట మీదికి వంగి చూసేవాళ్ళం. ఏ వేలు ఎక్కడ పడిందో నీలం చుక్కలు చెప్పేసేవి. ఎక్కువ మీటల మీద చుక్కలు నడిమధ్యన, గూట్లో గుడ్లలా ఉండేవి. కుడిచేతి చిటికెనవేలివి మాత్రం గడప దాటలేని ముసలమ్మలా గీతకి ఇవతలే ఆగిపోయేవి. ఆ వేలు ఎప్పుడో ఆవిరి పెట్టె కింద నలిగింది, పూర్తిగా చాచుకోదు.

"వేలు రాకపోతే చెయ్యే జరుపు" అన్నాను.

"చెయ్యి జరిపితే మిగతా వేళ్ళు దారి తప్పుతాయి."

"తప్పితే ముడి తగిలి తెలుస్తుందిగా. వెళ్ళి రమ్మను."

వెళ్ళి రావడం అలవాటు కావడానికి చాలా అట్టలు పట్టాయి. తడిగుడ్డతో తుడిచి తుడిచి గీతలు అలికినట్టయ్యేవి, మళ్ళీ గీసేది. మడతల పిన్ని కొత్త అట్టలు తెస్తూ, "మా వంటింటి అరలు బోడిగా ఉన్నాయి, నీ కూతురు పాసవ్వకపోతే నా సామాన్లన్నీ మీ ఇంట్లో సర్దుతా" అని బెదిరించేది. చివరి రోజుల్లో గీతలు పూర్తిగా చెరిగిపోయిన అట్ట మీద రెండు ముళ్ళు మాత్రం మిగిలితే, దాని మీదే కొట్టింది. కళ్ళు గోడ కేసి. చుక్కలు చూస్తే, గీతలు లేకపోయినా మీటల వరసలు వాటంతటవే కనిపించాయి.

లాప్‌టాప్ సంగతి అడగడం మానేశాను. మెసేజీలు మాత్రం వచ్చేవి. స్టాకు లేదు.

పరీక్ష రోజున నేనూ వెళ్ళాను. వద్దంది. వెళ్ళాను. రికార్డుల గది బయట పొడుగాటి చెక్కబల్ల ఉంది, దాని మీద కూర్చున్నాను. పొద్దున సంచిలోంచి దాని కళ్ళజోడు తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అంత బుద్ధి మిగిలింది నాకు. తలుపు మూశారు. లోపల ఒక గొంతు చదవడం, ఆ వెంటనే అందరి మీటలూ కలిసి వానలా మోగడం వినిపించింది. అన్నాళ్ళూ మా ఇంట్లో మెత్తగా, అట్ట మీద టప్‌టప్ అనేదే విన్నాను. ఇదంతా చప్పుడే. ఇందులో నా కూతురి వేళ్ళు ఏవో ఎలా తెలుస్తుంది?

ముందుగా ఒక చిన్నపిల్ల బయటికి వచ్చింది. చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా?"

"వాటి మీద అక్షరాలే లేవు మామ్మగారూ. ఎన్నేళ్ళవో, అన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. సగం తప్పులే కొట్టాను."

కాలుగాలిన పిల్లిలా ఆ వరండాలో తిరిగాను. ఒక నర్సు వచ్చి, "ఎవరికి బాలేదు?" అని అడిగింది. ఎవరికీ కాదన్నాను.

అందరి తర్వాత మా అమ్మాయి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. నీళ్ళసీసా లాక్కుని తాగింది.

"అక్షరాలు అరిగిపోయాయటగా? ఎలా కొట్టావే?"

"అరిగిపోయాయా?" అంది ఆశ్చర్యంగా. "నేను చూడలేదే."

తర్వాత నడుస్తూ చెప్పింది. మొదటి రెండు వాక్యాలు మీటల చప్పుడికే బెదిరిపోయిందట. వేలు ఆనిస్తే కిందికి దిగడం, మళ్ళీ పైకి లేవడం, అదంతా కొత్తగా ఉందట. మూడో వాక్యంలో ఉబ్బెత్తు గీతలు తగిలాయట. ఆ తర్వాత నా గొంతే వినపడిందట, చదివేది పెద్ద టైపిస్టమ్మ అయినా. "ఆవిడ పళ్ళు బాగున్నాయి గనక మాటలు స్పష్టంగా ఉన్నాయి" అని నవ్వింది. దగ్గింది. మళ్ళీ నవ్వింది. చిటికెనవేలి మీట దగ్గర మాత్రం రెండు తప్పులు పడ్డాయట.

ఆ రెండు తప్పులతోనే తీసుకున్నారు. మొదటి ఆరు నెలలూ పరీక్షగా చూస్తారు, తర్వాత ఖాయం చేస్తారు. కబురు తెచ్చింది మడతల పిన్ని. మెట్ల కింద నుంచే అరుస్తూ వచ్చింది: "వదినా, నా అట్టలు నాకు ఇచ్చెయ్!"

లాప్‌టాప్ ఆ తర్వాత వచ్చింది. అందరూ దాన్ని మర్చిపోయిన ఒక మామూలు మధ్యాహ్నం కొరియరు మనిషి తలుపు కొట్టి, సంతకం పెట్టించుకుని ఇచ్చి వెళ్ళాడు. కొత్త కీలు, కొత్త బోర్డు. లోపల దాచుకున్న పాఠాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, అది కొన్నరోజు ఎలా ఉందో అలా ఖాళీగా ఉంది. మా అమ్మాయి రెండు చేతులతో మూత మధ్యన పట్టుకుని, కాగే గిన్నె మీద పళ్ళెం తీసినట్టు నెమ్మదిగా ఎత్తింది. వెలిగింది. తువ్వాలు కూడా తిరిగి వచ్చింది, మడతపెట్టి. పిన్ని దాన్ని విప్పి చూసి, "ఇదీ ఒక మడతేనా? ఇన్నాళ్ళు పెట్టుకుని ఇదా చేసింది!" అని తను మళ్ళీ మడతపెట్టింది.

చార్జరు కూడా వచ్చింది. దాని తీగ ఇప్పుడు ఎవరూ లాగరు. తల పట్టుకుని తీయాలని గోడ మీద రాసి పెట్టాను, నా అక్షరాలతో.

కొత్త పనిలో మొదటిరోజు పొద్దున సంచి నేనే సర్దాను. అన్నం డబ్బా, నీళ్ళసీసా, కళ్ళజోడు, దగ్గుమందు, దువ్వెన, ఫ్యాను కింద చలేస్తే కప్పుకోవడానికి శాలువా. నోరు ఎండింది. ఒక్కటి కూడా తీయలేదు. జిప్పు వేసి, సంచి దాని చేతికిచ్చి, నా చేతులు వెనక్కి కట్టుకున్నాను.

మా అమ్మాయి గుమ్మంలో ఆగి జిప్పు తీసి చూసింది. ఒక్కోటీ పైకెత్తి చూసింది. కళ్ళు చిట్లించి నాకేసి చూసింది.

"ఏం తీశావ్?"

"ఏం తీయలేదు."

"నిజం చెప్పు."

"ఒట్టు. అన్నీ ఉన్నాయి."

మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కి వచ్చింది. "నువ్వేమీ తీయకపోతే నాకే ఎలాగో ఉందమ్మా" అంటూ సంచిలోంచి దువ్వెన తీసి నా చేతిలో పెట్టి, నేను ఏదో అనేలోగా గబగబా దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చింది. ఆవిరి వాసన లేదు. జుట్టంతా రేగిపోయి ఉంది. చెప్పులు విప్పుతూనే, "దువ్వెన ఏది?" అంది.

లాప్‌టాప్ వచ్చింది. తువ్వాలు వచ్చింది. మా అమ్మాయి రోజూ వస్తోంది. అక్క రాలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, తొలకరి పడిన వారంలో, పొద్దున్నే వెళ్ళింది.